మార్కుల మెమో వచ్చాక ఆ మూడు నెలలు

మా మండలంలో కొత్త టీచర్లు నలుగురు చేరారు, అందరూ 2025 మెగా డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) వాళ్లే. అందులో మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్‌గా వచ్చిన ఒకమ్మాయి మొన్న కాంప్లెక్స్ మీటింగ్‌లో నా పక్కన కూర్చుని అడిగింది. "సార్, మా బడిలో పోయినేడు పదో తరగతిలో 600కి 540 దాటినవాళ్లు ముగ్గురున్నారు. ఇప్పుడేం చేస్తున్నారో కనుక్కుందామని ఫోన్ చేశాను. ఒకమ్మాయికి పెళ్లయిపోయిందంట. ఒకబ్బాయి బెంగళూరులో టైల్స్ పనికి పోయాడంట. ఒక్కడే కాలేజీలో ఉన్నాడు. అన్ని మార్కులొచ్చి కూడా ఎందుకు సార్ ఇట్లా?"

ఇరవై రెండేళ్లుగా కనిగిరి, పొదిలి, కందుకూరు వైపు జడ్పీ హైస్కూళ్లలో పనిచేస్తున్నవాడిని కాబట్టి ఆ ప్రశ్న నాకు కొత్త కాదు, కానీ టీ బ్రేక్‌లో చెప్పి ముగించేంత చిన్నదీ కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మా పిల్లలకు మార్కులు వస్తున్నాయి. మెమో చేతికొచ్చిన రోజుకీ కాలేజీలో మొదటి రోజుకీ మధ్య ఉండే మూడు నెలల్లో వాళ్లు జారిపోతున్నారు. ఆ మూడు నెలల్లో తేదీలు, కాగితాలు, కోటాలు, డబ్బులు అన్నీ ఒకేసారి మీద పడతాయి, పక్కన నిలబడి చెప్పేవాళ్లు ఉండరు. టీచర్ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆ పక్కన నిలబడడమే.

అసలు ఈ ఉద్యోగానికి వచ్చే దారి అందరికీ తెలిసిందే. ఎస్‌జీటీ (ప్రాథమిక బడి టీచర్) కావాలంటే డీసెట్ రాసి రెండేళ్ల డీఎడ్ చేయాలి. దానికి ప్రకాశం వాళ్లకు మైనంపాడు డైట్ (సర్కారు టీచర్ ట్రైనింగ్ కాలేజీ), నెల్లూరు వాళ్లకు పల్లిపాడు డైట్ ఉన్నాయి. స్కూల్ అసిస్టెంట్‌కైతే ఎడ్‌సెట్, బీఈడీ. ఆ మీద టెట్ అనే అర్హత పరీక్ష, ఆ మీద డీఎస్సీ. డీఎస్సీలో పరీక్షకు 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ 2025లో 16,347 పోస్టులతో గానీ నియామకాలు జరగలేదు, అంటే కొందరు ఏడేళ్లు కోచింగ్ సెంటర్ల మెట్ల మీదే గడిపారు. ఇంత కష్టపడి చేరాక మన చేతికొచ్చేది టైమ్‌టేబుల్, సిలబస్, మార్కుల యాప్‌లు. పదో తరగతి పాసైన పిల్లాడిని కాలేజీ గేటు దాకా చేర్చడం ఎవరి పనో ఏ కాగితం మీదా ఉండదు. హైస్కూల్ స్టాఫ్‌లో కౌన్సెలర్ అనే పోస్టు లేదు. సచివాలయాల్లో 2019 నుంచి వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్లు ఉన్నారు, స్కాలర్‌షిప్ వెరిఫికేషన్ వాళ్ల చేతుల మీదుగానే నడుస్తుంది, కానీ ఏ పిల్ల ఏ గ్రూపు తీసుకుంటే మంచిదో వాళ్లు చెప్పలేరు, చెప్పమనడం న్యాయమూ కాదు. ఆ పిల్లను ఐదేళ్లు చూసింది మనం.

ముందు తేదీల సంగతి. పరీక్షలు మార్చిలో అవుతాయి, ఫలితాలు ఏప్రిల్ మూడో వారం దాటాక వస్తాయి. ఏపీఆర్‌జేసీకి (గురుకుల జూనియర్ కాలేజీల ప్రవేశ పరీక్ష), పాలిసెట్‌కి (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) దరఖాస్తు గడువు మామూలుగా ఫలితాల కంటే ముందే ముగిసిపోతుంది. మన వైపు తల్లిదండ్రులేమో "ముందు పాస్ కానీ సార్, తర్వాత చూద్దాం" అంటారు. వాళ్ల లెక్క ప్రకారం అది సబబైన మాటే, పంట చేతికి రాకముందే బస్తాలు కొనరు గదా. కానీ మెమో వచ్చి "ఇక చూద్దాం" అనేసరికి గురుకుల జూనియర్ కాలేజీ, పాలిటెక్నిక్ రెండు దారులూ ఆ ఏటికి మూసుకుపోయి ఉంటాయి. పైగా అప్పటికి పడమటి పల్లెల్లో సగం ఇళ్లకు తాళాలు. మిరపకోతలకు గుంటూరు, పల్నాడు వైపు పోయినవాళ్లలో కొందరు అప్పటికింకా తిరిగి రారు, కొందరు అటునుంచి అటే హైదరాబాదు, బెంగళూరు బిల్డింగ్ పనులకు పోతారు, పొగాకు వేసిన ఇళ్లలో వేలం గొడవలో ఉంటారు. పిల్లాడు అమ్మమ్మ దగ్గర ఉంటాడు, అమ్మమ్మ ఫోన్‌కు మెసేజ్ వస్తే చదివేవాళ్లుండరు. అందుకే ఈ రెండు దరఖాస్తులూ పరీక్షలకు ముందే, ఫిబ్రవరి, మార్చిలోనే బడిలో కూర్చోబెట్టి చేయించాలి. ఫీజు కట్టలేనివాళ్లకు స్టాఫ్ రూంలో తలా కొంత వేసుకుంటే అయిపోతుంది.

ఫలితాలు వచ్చాక తెరుచుకునే దారి ట్రిపుల్ ఐటీ. వాటిని నడిపే ఆర్జీయూకేటీ అనే యూనివర్సిటీ 2008లో మొదలైంది. మొదట నూజివీడు, ఇడుపులపాయ, తర్వాత 2016లో ఒంగోలు, శ్రీకాకుళం కలిశాయి. (ఒంగోలు పేరు పెట్టినా మొదటి ఏళ్లలో ఆ క్లాసులు ఇడుపులపాయలోనే జరిగాయి, మన జిల్లావాళ్లకు ఆ బాధ ఇంకా ఉంది.) ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే కొలమానం. ఇంటర్‌తో సమానమైన పీయూసీ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మధ్యలో ఎంసెట్ రాయాల్సిన పని లేదు. ఇందులో మన పిల్లలకు ఒక మేలుంది. ప్రభుత్వ, జడ్పీ, మున్సిపల్ బడుల్లో చదివినవాళ్లకు 4 శాతం డిప్రివేషన్ స్కోరు కలుపుతారు. ప్రైవేటు బడి పిల్లకు ఉన్న సదుపాయాలు నీకు లేవు, అందుకే ఇది కలుపుతున్నాం అని సర్కారే ఒప్పుకోవడం అది. తడ దాటి తమిళనాడులో అడుగుపెడితే ఇంకొంచెం ముందుకు పోయారు, అక్కడ సర్కారు బడుల్లో చదివినవాళ్లకు 2020 నుంచి మెడికల్ సీట్లలో 7.5 శాతం విడిగా ఇస్తున్నారు. మన దగ్గరా అలాంటిది రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. అంతదాకా ఉన్న ఈ 4 శాతమైనా ప్రతి ఇంటికీ తెలియాలి.

ఇక గ్రూపు. జనవరిలోనే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఊళ్లోకి దిగుతారు, పిల్లల జాబితా వాళ్ల దగ్గర మనకంటే పక్కాగా ఉంటుంది. ఇంటికెళ్లి సగం ఫీజు తగ్గిస్తామంటారు, మిగతాది "రీయింబర్స్‌మెంట్‌లో వస్తుందిలే" అని కూడా కొందరు అనేస్తారు. ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది: ప్రైవేటు కాలేజీలో ఇంటర్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అది పాలిటెక్నిక్, ఐటీఐ, డిగ్రీ, ఇంజనీరింగ్ లాంటి వాటికి వచ్చేది. ఇంటర్ పిల్లల తల్లులకు వచ్చేది తల్లికి వందనం పథకం డబ్బు, 15,000లో 2,000 బడి నిర్వహణకు పోగా ఖాతాలో పడేది 13,000. దాన్ని నమ్ముకుని లక్ష రూపాయల హాస్టల్‌లో చేర్చి, రెండో ఏడాది ఫీజు కట్టలేక ఇంటికి తెచ్చుకున్నవాళ్లను నేను ఏటా చూస్తున్నాను. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పుస్తకాలు ఉచితం, 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. ఈ భోజనం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, పొద్దున ఏడింటి బస్సెక్కి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరే పిల్లకు అది కాలేజీ మానడానికీ మానకపోవడానికీ మధ్య తేడా.

గ్రూపు విషయంలో నేను పిల్లలను ఒకటే అడుగుతాను: ఏ సబ్జెక్ట్ పుస్తకం ఎవరూ చెప్పకపోయినా తీస్తావు? ఇంజనీరంటే ఎంపీసీ, డాక్టరంటే బైపీసీ, అవి రాకపోతే సీఈసీ అని మనోళ్ల బుర్రలో మూడు గదులున్నాయి. బైపీసీలో వ్యవసాయ డిగ్రీ ఉంది, దానికి రైతు కోటా ఉంది, పొలం కాగితాలూ పల్లెలో చదివిన సర్టిఫికెట్లూ ఉంటే మన పిల్లలకు అది సరిగ్గా సరిపోతుంది. నర్సింగ్ ఉంది. పాలిటెక్నిక్ మూడేళ్లు చదివి ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు, ఇంటి పరిస్థితి బాగాలేని పిల్లాడికి ఇది నాకు తెలిసినంతలో చాలా మంచి దారి, ఎందుకంటే మధ్యలో ఆగాల్సి వచ్చినా చేతిలో డిప్లొమా ఉంటుంది. సీఈసీ, హెచ్ఈసీ తీసుకున్నవాళ్లు తక్కువవాళ్లేం కాదు, నాతో పనిచేసే సోషల్ టీచర్లలో ఎక్కువమంది ఆ గదిలోంచే వచ్చారు.

ఇప్పుడు అన్నిటికంటే చిక్కుముడి, మన రెండు జిల్లాలకే ప్రత్యేకమైనది: లోకల్, అంటే ఏ ప్రాంతం కాలేజీల్లో మన పిల్లాడిని స్థానికుడిగా లెక్కేస్తారనేది. మూడేళ్ల కిందట కందుకూరు నుంచి ఒక తండ్రి వచ్చాడు, కొడుక్కి ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. (పేరు 2021లో ఈఏపీసెట్ అయింది, ఊళ్లో మాత్రం ఎంసెటే.) "సార్, నెల్లూరు కాలేజీ పెట్టుకుంటే మావాణ్ని నాన్ లోకల్ అంటన్నారు. మాది నెల్లూరు జిల్లానే గదా ఇప్పుడు? ఇదెక్కడి న్యాయం సార్?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరును నెల్లూరులో కలిపారు. కానీ కాలేజీ సీట్లకు చూసే లోకల్ ఏరియా జిల్లా కలెక్టరేట్‌ను బట్టి మారదు. అది రాజ్యాంగంలోని 371డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం యూనివర్సిటీ ఏరియాలను బట్టి ఉంటుంది. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా, నెల్లూరూ రాయలసీమా కలిపి శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) ఏరియా. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ ఒకప్పుడు నెల్లూరు జిల్లావే. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. 1974లో ఉత్తర్వు వచ్చేనాటికి కందుకూరు ప్రకాశంలో ఉంది కాబట్టి ఆంధ్రా ఏరియాలోకి పోయింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

దీనివల్ల ఏమవుతుందంటే, 85 శాతం సీట్లు ఆ ఏరియా లోకల్ వాళ్లకు పోతాయి, మిగిలిన 15 శాతంలో అందరూ పోటీ పడాలి. కందుకూరు పిల్లాడికి నెల్లూరు గంటన్నర ప్రయాణం అయినా అక్కడ 15 శాతంలోనే పోటీ పడాలి, అదే కాకినాడ జేఎన్టీయూలో అయితే 85 శాతంలో ఉంటాడు. ఆ తండ్రికి కాగితం మీద గీత గీసి చూపించాను. వెబ్ ఆప్షన్లలో (కావాల్సిన కాలేజీలను ఆన్‌లైన్‌లో వరసగా పెట్టే జాబితా) ఒంగోలు, గుంటూరు, విజయవాడ పైన పెట్టాం, నెల్లూరు కిందికి దించాం. ఒంగోలులో సీటొచ్చింది.

లోకల్‌ను తేల్చేది ఇల్లు కాదు, చదివిన బడి. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరసగా ఒకే ఏరియాలో చదివితే అక్కడ లోకల్. అలా కుదరకపోతే ఏడేళ్లు లెక్కపెట్టి ఎక్కువ ఏళ్లు ఎక్కడో చూస్తారు. పొదిలిలో పదో తరగతి దాకా చదివి నెల్లూరులో ఇంటర్ చేసిన పిల్ల ఉందనుకోండి. చివరి నాలుగేళ్లు రెండు ముక్కలయ్యాయి, కాబట్టి ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లు తీసుకుంటారు: ఐదు ఆంధ్రా ఏరియాలో, రెండు ఎస్వీయూలో. ఆ పిల్ల ఆంధ్రా లోకల్. "నెల్లూరులో చదివింది గదా, తిరుపతిలో లోకల్ వస్తుంది" అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అందుకే స్టడీ సర్టిఫికెట్లు ఇంజనీరింగ్‌కైతే ఆరు నుంచి ఇంటర్ వరకు, పదో తరగతి మీద జరిగే పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీలకైతే నాలుగు నుంచి పది వరకు అడుగుతారు. మధ్యలో రెండేళ్లు బెంగళూరులో చదివిన వలస పిల్లలుంటే ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాలి, అలాంటి వాళ్ల టీసీలు తొమ్మిదో తరగతిలోనే వెతికి పెట్టుకోవాలి.

కాగితాల గురించి ఒకటి చెబుతాను, నా కళ్ల ముందు జరిగింది. ట్రిపుల్ ఐటీకి సెలెక్ట్ అయిన ఒక పిల్లతో, వాళ్లమ్మతో కలిసి రాత్రి బస్సులో వెరిఫికేషన్‌కు పోయాం. పొద్దున తొమ్మిదికి వరసలో నిలబడ్డాం. పిల్ల ప్లాస్టిక్ కవర్లో సర్టిఫికెట్లన్నీ పెట్టుకుంది, కవరు ఛాతీకి హత్తుకుని చేతులు కట్టుకుని నిలబడింది, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు. టేబుల్ దగ్గర ఉన్నాయన ఒక్కో కాగితం తిప్పుతూ ఆగిపోయాడు. మెమో మీద తండ్రి పేరు శ్రీనివాసులు, కుల సర్టిఫికెట్ మీద శ్రీను. "ఇద్దరూ ఒకరేనా?" అన్నాడు. ఆ తల్లి "మా ఇంటాయన పేరు అదే సార్, అందరూ శ్రీనూ అనే పిలుస్తారు" అని చేతులు జోడించింది. నేను టీచర్‌నని చెప్పి, బడి అడ్మిషన్ రిజిస్టర్ ఫొటో ఫోన్లో చూపించి, హామీపత్రం రాసిచ్చి, సరిచేసిన సర్టిఫికెట్ తెస్తామని సంతకాలు పెట్టాక తీసుకున్నారు. నేను వెళ్లకపోతే ఏమయ్యేదో ఆలోచించడం కూడా నాకు ఇష్టం లేదు. ఆ పిల్ల ఇప్పుడు బీటెక్ మూడో ఏడాది.

అప్పటినుంచి తొమ్మిదో తరగతిలోనే ఒక పీరియడ్ పెట్టుకుని అందరి ఆధార్, రేషన్ కార్డు, అడ్మిషన్ రిజిస్టర్ పక్కపక్కన పెట్టి చూస్తాను. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపేలోపు తప్పు దొరికితే సరిచేయడం తేలిక. మెమో ప్రింటయ్యాక అదే తప్పుకు పరీక్షల విభాగం దాకా ఫైలు నడవాలి. మెమో సరిగ్గానే ఉండి ఆధార్‌లో తప్పుంటే ఆధారే మార్పించండి, మెమో జోలికి పోవద్దు.

డబ్బు సంగతికొస్తే, ఎనిమిదో తరగతిలోనే ఒక తలుపుంది, చాలా బడులు దాన్ని తట్టవు. ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకు, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకపోతే చాలు. మ్యాట్ (తార్కిక ప్రశ్నలు) 90, శాట్ (పాఠాల మీద ప్రశ్నలు) 90. సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లు. ఒక్క పిల్లకు 48,000 అంటే మా ఊళ్లో పెళ్లి మాట వచ్చినప్పుడు "ఆగండి, పిల్లకు డబ్బులొస్తున్నాయి" అని నాయనమ్మే అడ్డుపడేంత మొత్తం, ఆ మాట నేను చెవులారా విన్నాను. మ్యాట్ ప్రశ్నలు మన పిల్లలకు అలవాటుండవు, మూడు నెలలు రోజూ అరగంట చేయిస్తే పట్టుకుంటారు. ఏటా ఎన్‌ఎస్‌పీ అనే స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయాలి, పదిలో 60 శాతం రావాలి (ఎస్సీ, ఎస్టీలకు 55), ప్రైవేటు కాలేజీకి మారితే ఆగిపోతుంది. పీఆర్వో ఇంటికొచ్చినప్పుడు ఈ మాట గుర్తు చేయాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 2008 నుంచి పేర్లు మారుతూ వచ్చాయి, డబ్బు ఒకసారి కాలేజీకి, ఒకసారి తల్లి ఖాతాకు వెళ్లింది, చూసుకోవాల్సిన నియమాలు మాత్రం ఇవి. సీటు కన్వీనర్ కోటాలో (ర్యాంకు మీద సర్కారు కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు) రావాలి, ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాకు రాదు, స్పాట్ అడ్మిషన్‌కూ రాదు. కౌన్సెలింగ్ రోజుల్లో "మీ ఫోన్ ఇవ్వండి, మేమే ఆప్షన్లు పెడతాం" అని వచ్చేవాళ్లుంటారు. ఓటీపీ వాళ్ల చేతికిచ్చారంటే పిల్లాడి నాలుగేళ్లు వాళ్ల చేతికిచ్చినట్టే, ఒకే కాలేజీ పేరు పెట్టి ఫ్రీజ్ చేసేస్తారు. నేను మా పిల్లలను బడికి రమ్మంటాను, ల్యాబ్‌లో కూర్చుని వాళ్ల వేళ్లతోనే పెట్టిస్తాను, కనీసం ముప్పై నలభై ఆప్షన్లు. డిగ్రీకి కూడా 2020 నుంచి అడ్మిషన్లు ఆన్‌లైన్‌లోనే, 2023లో సింగిల్ మేజర్ పద్ధతి (ఒకే ప్రధాన సబ్జెక్ట్) వచ్చింది కాబట్టి ఏ సబ్జెక్ట్ మేజర్‌గా పెడుతున్నారో చూసుకోమని చెప్పండి, పాత బీఎస్సీ ఎంపీసీ అనుకుని చేరితే మూడు సబ్జెక్టులూ సమానంగా ఉండవు.

ఆ కొత్త టీచరమ్మాయి చివర్లో అడిగింది, ఇదంతా ఒక్కరం ఎట్లా చేయగలం సార్ అని. నేను చేసేది ఇంతే. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, పదో తరగతి పిల్లకు ఒక పేజీ. పైన ఆధార్‌లో ఉన్న పేరు, పక్కన మెమోలో ఉండబోయే పేరు. అమ్మ ఫోను, పక్కింటివాళ్ల ఫోను, ఇద్దరూ ఎత్తకపోతే కిరాణా కొట్టు ఫోను. నాలుగు నుంచి పది దాకా ఏ బడి. కింద ఏప్రిల్ నుంచి జూలై దాకా తేదీలు, ఏది అయితే దాని ఎదురుగా టిక్కు. మే నెలలో మనకు సెలవులే, వారానికి రెండు పూటలు బడి తలుపు తీస్తే చాలు, హెచ్ఎం తాళం ఇస్తారు. సప్లిమెంటరీ రాసే పిల్లల పేజీలు మడిచి పెట్టుకుంటాను, వాళ్లు పాసైతే అదే ఏడాది చేరవచ్చు, వాళ్లను ఎవరూ గుర్తుపెట్టుకోరు గాబట్టి మడత.

చేరాక కూడా పని ఉంటుంది. మొదటి నెల హాస్టల్లో ఏడ్చి ఇంటికొచ్చేస్తారు, ముఖ్యంగా మొదటిసారి ఊరు దాటిన ఆడపిల్లలు. వచ్చాక పది రోజులు దాటితే ఇక పోరు. అందుకే జూలై రెండో వారంలో ఆ పుస్తకం మళ్లీ తీసి వరసగా ఫోన్లు చేస్తాను. కాలేజీలో ఉన్నామని చెప్పినవాళ్లను గ్రూపు, రూమ్మేట్ల పేర్లు, భోజనంలో ఏం పెడుతున్నారో అడుగుతాను. ఫోన్ ఎత్తనివాళ్ల ఇళ్లకు ఆదివారం బండేసుకుని పోతాను. ఈ వారం మూడు ఇళ్లున్నాయి, ఆ టీచరమ్మాయి కూడా వస్తానంది.